గండికోట కొండమీది నడక

కొండ యెక్కుట యనగానే మనలో ననేకులకు హిమాలయములును, మంచుగడ్డలును, ప్రాణములకు దెగించిన సాహసికుల కథలును జ్ఞప్తికి వచ్చును. అట్టి సాహసము అందరికి సాధ్యము గాదు, అవసరమును గాదు. బాలురును వృద్ధులును గూడ మెల్లగా నడచి యెక్కదగిన కొండలు, ఎక్కిన పిమ్మట నీటి సొంపును కన్నులార జూపు కొండలు మన కడప జిల్లాలోనే కలవు. వానిలో ముఖ్యమైనది జమ్మలమడుగునకు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న గండికోట కొండ. వేములనుండి పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగుల మీదుగా బండిలో పోవువారు వేకువను బయలుదేరిన యెడల కొండను, కోటను, నీటిని చూచి రాత్రికి ఇల్లు చేరవచ్చును. ఈ కొండ యెక్కుటకు ఏల సులభముగా నున్నది, దాని చెంతకు అంత నీరెట్లు చేరినది, ఆ నీటికిని మన పొలములకును గల సంబంధమేమి యను సంగతులను ఈ వ్యాసమున వివరింప దలచితిని.

ముందుగా పేరును గూర్చి యొకమాట. గండి యనగా తెగిన చోటు. చెరువుకట్ట తెగినప్పుడు గండి పడినదందుము. వేంపల్లె దగ్గర పాపఘ్నినది శేషాచలపు కొండల వరుసను చీల్చుకొనివచ్చు చోటునకు గండి యనియే పేరు. శ్రావణమాసమున అచ్చటి ఆంజనేయస్వామి ఉత్సవములకు మన వైపు జనులు విశేషముగా పోవుట అందరెరిగినదే. అట్లే పెన్నానది ఎర్రమల కొండలను కోసికొని పోవు గండి యొడ్డున కట్టబడిన కోట గనుక దీనికి గండికోట యను పేరు కలిగినది. అచ్చట పాపఘ్ని చేసిన పనినే ఇచ్చట పెన్న చేసినది.

ఇక కొండ యెట్లు పుట్టినదో తెలిసికొందము. వేములనుండి ఉత్తరముగా గండికోటకు పోవుట ఒక పాత గ్రంథమును మొదటి ప్రకరణమునుండి చదువుకొనుచు పోవుటవంటిది. ఈ ప్రాంతపు రాళ్ళు పూర్వమొక లోతులేని సముద్రమున ఇసుకయు, బురదయు, సున్నమును పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడినవి. వేముల క్రింద నున్నవి వేంపల్లె పొరలు. ఇవి సున్నపురాతికి దగ్గరి జాతియగు డోలమైటు శిలలు. తుమ్మలపల్లె గనిలో త్రవ్వబడు యురేనియము ఈ పొరలలోనిదే. ఈ రాళ్ళలో కొన్నిచోట్ల ఎర్రగడ్డను అడ్డముగా కోసినప్పుడు కనబడు వలయములవంటి గుర్తులు కానవచ్చును. వానిని స్ట్రోమటొలైటులందురు. చెట్టుగాని చేపగాని లేని కాలమున కంటికి కనబడని సూక్ష్మజీవులు చాపలవలె పరచుకొని, తమపై పడిన మట్టిని పట్టుకొని పొరపై పొర వేయగా ఏర్పడిన గుర్తులవి. వీనిపై పులివెందుల పేరుగల గట్టి యిసుకరాతి పొరలును, వానిపై తాడిపత్రి పేరుగల పలకరాళ్ళును, అన్నిటికంటె పైని గండికోట పేరుగల గట్టి యిసుకరాతి పొరలును ఉన్నవి. గట్టిపడిన యీ యిసుకరాతిని క్వార్ట్‌జైటు అందురు. పులివెందుల దగ్గర ఈ పొరల సందులలోనికి భూగర్భమునుండి కరగిన శిల చొచ్చుకొనివచ్చి గడ్డకట్టినది. దాని వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞుల పరీక్షలవలన తేలినది. దాని కిరుప్రక్కల నున్న పొరలు అంతకంటెను పాతవి.

ఈ పొరలు చాపవలె సమముగా లేవు. మన జిల్లా పశ్చిమభాగమున అవి ఉత్తరమునకును తూర్పునకును స్వల్పముగా వాలియున్నవి. ఒక పలకను నేలపై నుంచి దాని యొక అంచును కొంచెము పైకెత్తి చూడుడు. వాలినవైపునుండి చీమ సులభముగా పలకపైకి ప్రాకిపోవును. ఎత్తిన అంచువైపునుండి రాదలచినచో నిట్రముగా ఎగబ్రాకవలసివచ్చును. జమ్మలమడుగునుండి గండికోటకు పోవువారు వాలినవైపునుండి బయలుదేరిన చీమవంటివారు. రాతిపొర వీపుమీదనే మెల్లమెల్లగా పైకి నడచిపోవుదురు. అందువలన ఎంత ఎత్తు ఎక్కితిమో తెలియకయే కోట ముఖద్వారము చేరుదుము. కాని కోటలోపలికి పోయి నది యొడ్డున నిలిచినవెంటనే నేల ఒక్కమారుగా తెగిపోయి, సుమారు 300 అడుగుల లోతున పెన్న కనబడును. ఒకే కొండకు ఇటు మెత్తని వీపును, అటు నిట్రమైన గోడయు కలుగుటకు నది కోతయే కారణము.

ఇచ్చట విద్యార్థులు ఒక శాస్త్రవిషయమును కాళ్ళతోనే నేర్చుకొనవచ్చును. వాలుదారి శ్రమను తగ్గించునా? ఒక్కొక్క అడుగునకు పట్టు బలమును తగ్గించును గాని మొత్తము పనిని తగ్గింపదు. 40 కిలోగ్రాముల బరువుగల బాలుడు 300 అడుగుల ఎత్తు ఎక్కినప్పుడు, నిచ్చెనమీద నెక్కినను, రెండుమైళ్ళ వాలుదారిని వచ్చినను, తన బరువును 300 అడుగులు పైకి మోసినవాడే యగును. అనగా 40 లీటర్ల నీటిని ఆ లోయ అడుగునుండి ఒడ్డునకు చేదినంత పని చేసినాడు. ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనుడు. నీటిని గూర్చి చెప్పునప్పుడు ఇది మరల మనకు పనికివచ్చును.

నడకకు తగిన కాలము కార్తికమునుండి మాఘమువరకు. అప్పటికి వానలు వెనుకబడి ఎండ తీవ్రత తగ్గి, ఆకాశము నిర్మలముగా నుండును. వేసవిలో ఈ ప్రాంతపు వేడిమి 40 డిగ్రీలను దాటును. రాతినేల ఆ వేడిని పట్టి యుంచి సాయంకాలమువరకు వెడలగ్రక్కును. కావున అప్పుడు పోదలచినవారు సూర్యోదయమునకు ముందే బయలుదేరి ఎండ ముదురకమునుపే నీడకు చేరవలెను. ఒక్కొక్కరికి రెండుమూడు లీటర్ల నీరు, తలకు గుడ్డగాని టోపిగాని, కాళ్ళకు గట్టి చెప్పులు ఉండవలెను. దారి ప్రక్కల తుమ్మ, రేగు, బలుసు మొదలగు ముండ్లపొదలు కలవు. రాళ్ళ సందులలో చేయి పెట్టరాదు. పాములకును తేళ్ళకును అవి నివాసములు.

ఎంతకాలము పట్టునో ముందుగా లెక్కించుట మంచి నడకరి లక్షణము. స్కాట్లండు దేశీయుడగు నైస్మిత్ అను పర్వతారోహకుడు 1892వ సంవత్సరమున ఇందుకొక సులభసూత్రమును చెప్పెను. ప్రతి మూడుమైళ్ళ నడకకు ఒక గంటయు, ఎక్కు ప్రతి 2,000 అడుగుల ఎత్తునకు మరియొక గంటయు కలుపవలెను. ఆరుమైళ్ళ దూరమును 500 అడుగుల ఎత్తును గల దారికి ఈ లెక్కప్రకారము రెండుంబావు గంట పట్టును. ఇది పెద్దవారి నడకకు చెప్పిన లెక్క. చిన్నపిల్లలు వెంటనున్నప్పుడు విశ్రాంతికై మరికొంత చేర్చుకొనవలెను. గుంపులో నందరికంటె మెల్లగా నడచువానిని ముందుంచుకొని పోవుట ఉత్తమము. అట్లు చేసినచో ఎవరును వెనుకబడరు.

కోటలో ప్రవేశించిన తరువాత చూడదగినవి చాల కలవు. మాధవరాయస్వామి ఆలయ గోపురము, రంగనాథస్వామి ఆలయము, జుమ్మామసీదు, దాని ప్రక్కనే మిక్కిలి పెద్దదగు ధాన్యాగారము, కారాగృహము మొదలగునవి నేటికిని నిలిచియున్నవి. విజయనగరరాజుల కాలమున పెమ్మసానివారు ఈ కోటను పాలించిరి. 1650వ సంవత్సర ప్రాంతమున గోలకొండ సుల్తాను మంత్రియగు మీర్‌జుమ్లా దీనిని పట్టుకొనెను. 1652లో తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఆతనిని చూచుటకు ఇచ్చటికి వచ్చెను. 1800వ సంవత్సరమున దత్తమండలములతోపాటు ఈ ప్రాంతము ఈస్టిండియా కంపెనీ వశమైనది. ఈ చరిత్ర పెక్కు పుస్తకములలో దొరకును. కాని చూచువారిలో చాలమంది గమనింపని సంగతి యొకటి కలదు. అది కోటలోని చెరువులును కోనేరులును.

ఆలోచింపుడు. కోటక్రింద జీవనది కాకపోయినను ఒక పెద్దనది పారుచున్నది. ఒడ్డున నిలిచినవారికి నీరు కన్నులయెదుటనే కనబడును. అయినను ఆ నీరు కోటవారి దాహమును తీర్పజాలదు. 300 అడుగుల నిట్రమైన గోడ దిగి, కడవ నింపుకొని, మరల పైకి మోయవలెను. శత్రువులు చుట్టుముట్టినప్పుడు అదియును అసాధ్యము. అందుచేత వారు కొండపైనే రాయలచెరువు మొదలగు జలాశయములు కట్టి, రాతిమీద పడిన వాననీటిని పారనీయక పట్టి నిలువచేసికొనిరి. మసీదు చెంతనున్న కత్తుల కోనేరును గూర్చి జనులు యుద్ధకథలు చెప్పుకొందురు గాని, నిజమునకు ఆ కోటను నిలిపినది కత్తులకంటె నీరే యని చెప్పవచ్చును. కంటికి కనబడియు చేతికి అందని నీరు రాయలసీమ కంతటికిని పాతకాలమునుండి యున్న చిక్కు. మన జిల్లాలో ఏటికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. పడమటి తాలూకాలలో అంతకంటెను తక్కువ. నదులు లోతుగా పారును, పొలములు ఎత్తున నుండును. గండికోట యొడ్డున నిలిచినప్పుడు ఆ చిక్కు ఒక చిత్రమువలె మన యెదుట కనబడును.

ఆ యొడ్డునుండి లోయను చూచునప్పుడు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. పెద్దపెద్ద పెట్టెలను పేర్చినట్లున్న ఆ యెర్రని రాళ్ళు నిలువుగాను అడ్డముగాను పగుళ్ళు కలవి. ఆ పగుళ్ళవెంట నీరు దిగి, కాలక్రమమున రాళ్ళు విడివడి క్రింద పడుటచేతనే లోయ గోడలు అంత నిట్రముగా నున్నవి. కావున గట్టిగా కనబడు బండయు వదులుగా నుండవచ్చును. అంచునకు పది పండ్రెండు అడుగుల దూరముననే నిలిచి చూడవలెను. తన ఛాయాచిత్రమును తానే తీసికొను ఆశతో వెనుకకు వెనుకకు నడచుట ప్రాణాంతకము. గాలి వీచునప్పుడును, రాళ్ళు తడిసినప్పుడును అంచు దగ్గరకు పోనేరాదు. లోయలోని నీరు నిశ్చలముగా కనబడినను లోతైనది, ఈతకు దిగరాదు.

క్షేమముగా నిలిచిన చోటనుండి రెండు చిన్న పరీక్షలు చేయవచ్చును. ఎదుటి గోడవైపు తిరిగి గట్టిగా చప్పట్లు చరచిన యెడల ప్రతిధ్వని వినబడును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, చప్పటికిని ప్రతిధ్వనికిని నడుమ ఒక్క సెకను గడచినచో ఎదుటి గోడ 170 మీటర్ల దూరమున నున్నదని తెలిసికొనవచ్చును. రెండవది దిగంతపు లెక్క. చదునైన మైదానముకంటె మన మెన్ని అడుగుల ఎత్తున నున్నామో ఆ సంఖ్యకు వర్గమూలము కట్టి, దానిని ఇంచుమించు ఒకటింబావుచేత గుణించినచో మన చూపు పోదగిన మైళ్ళ సంఖ్య వచ్చును. 400 అడుగుల ఎత్తున నున్నవాని చూపు, ధూళియు కొండలును అడ్డురానిచో, సుమారు 25 మైళ్ళు పోవును. కొంచెము ఎత్తెక్కినవానికి లోకము ఎంత విశాలమగునో దీనివలన తెలియును.

ఇక నీటి సంగతి. కోటక్రింద లోయలో నిలిచియుండు నీరు దిగువనున్న మైలవరము ఆనకట్టచేత నిలుపబడినది. ఎగువను లోయ మొదట మరియొక ఆనకట్ట కలదు. దాని వెనుక కొండలనడుమ పరచుకొనియున్నదే గండికోట జలాశయము. ఆ మెత్తని కొండవాలులమీదినుండి చూచినచో నీలిరంగు నీరు కొండల సందులలోనికి వ్రేళ్ళవలె చొచ్చుకొనిపోయి, ఎండిన నేలకు అలవాటుపడిన మన కన్నులకు సముద్రమును తలపింపజేయును. ఆనకట్ట యిచ్చటనే కట్టుటకు కారణమును సులభముగనే ఊహింపవచ్చును. వెడల్పైన లోయ ఒక్కమారుగా ఇరుకై, ఇరుప్రక్కల గట్టి రాయి యుండు చోట తక్కువ గోడతో ఎక్కువ నీరు నిలుపవచ్చును. కోట కట్టినవారిని రప్పించిన గండియే ఆనకట్ట కట్టినవారిని గూడ రప్పించినది.

ఈ జలాశయము 26.85 టి.ఎం.సి.ల నీరు పట్టును. టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఒక్క టి.ఎం.సి. నీటిని ఒక అడుగు లోతున పరచినచో సుమారు 23,000 ఎకరములు నిండును. ఆ లెక్కను గండికోట నీరంతయు ఆరులక్షల ఎకరములకు పైగా అడుగు లోతున నిలుచును. ఇంత నీరు పెన్న యొక్కతే తేగలదా? తేలేదు. పెన్న నందికొండలలో పుట్టి, తక్కువ వానలుగల నేలలగుండ సుమారు 600 కిలోమీటర్లు ప్రయాణముచేసి నెల్లూరు దిక్కున సముద్రమున కలియునది. అనేక మాసములు ఇసుకయే దాని రూపము. గండికోట జలాశయమునకు గాలేరు నగరి పథకముద్వారా వచ్చునది కృష్ణానది నీరు. సహ్యాద్రులలో మహాబలేశ్వరమున పుట్టిన కృష్ణ శ్రీశైలము దగ్గర నిలుపబడగా, ఆ నీటిలో కొంత పోతిరెడ్డిపాడు తూములనుండి కాలువలలో దిగి, బనకచెర్ల, గోరకల్లు, అవుకులను దాటి, కొండలలో తొలచిన సొరంగములగుండ వచ్చి పెన్న లోయలో పడును. అనగా ఈ కొండపై నిలిచి చూచువాడు ఒక నది తొలచిన పాత్రలో మరియొక నది నీటిని చూచుచున్నాడు.

ఆ నీరు అచ్చటనే నిలిచిపోదు. యంత్రములతో మెట్టుమెట్టుగా పైకెత్తబడి, కొంత సింహాద్రిపురము మండలములోని పైడిపాలెము జలాశయమునకును, కొంత పార్నపల్లె దగ్గరనున్న చిత్రావతి జలాశయమునకును పోవును. పులివెందుల ప్రాంతపు చీనీతోటలకును అరటితోటలకును, అనేక గ్రామముల త్రాగునీటికిని ఆ జలాశయములు ఆధారములు. ఇప్పుడు మనము ముందు చెప్పుకొన్న లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొందము. 40 లీటర్ల నీటిని 300 అడుగులు ఎత్తుటకు ఒక బాలుని కొండయెక్కు శ్రమయంతయు పట్టినది. టి.ఎం.సి.ల కొలది నీటిని ఎత్తుటకు ఎంత విద్యుత్తు పట్టునో, ఎంత వ్యయమగునో ఆ శ్రమచే ఊహింపుడు. కొళాయి తిప్పి నీటిని వృథాగా పోనిచ్చువాడు ఒకసారి ఈ కొండ యెక్కిన పిమ్మట అట్లు చేయజాలడు.

ఇంకొక మూల్యము కలదు. అది యంత్రములకు సంబంధించినది కాదు. ఇప్పుడు నీరు నిలిచినచోట పూర్వము ఊళ్ళుండెను. అచ్చట ఇండ్లు, గుడులు, బడులు, పైరుపొలములు, పెద్దల సమాధులు ఉండెను. కొండాపురము మండలములో పలుగ్రామములవారు తమ స్థలములను విడిచి వేరుచోట్లకు పోవలసివచ్చెను. 2020వ సంవత్సరమున జలాశయపు నీటిమట్టమును హెచ్చించినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వీథులలోనికి నీరు వచ్చెను. తగినంత గడువును పరిహారమును కోరుచు గ్రామస్థులు మొరపెట్టుకొనిరి. తుదకు ఊరు ఖాళీయయ్యెను. వారికి లభించిన ధనము ఇంటివెలకు సరిపోయినను, పుట్టినయూరికి వెల కట్టగలవారెవరు? మన తోటలు పచ్చగా నుండుటకై ఒకరి వాకిళ్ళు నీటిపాలైనవని తెలిసి చూచినచో, ఆ నీలిరంగు నీటి యందము తగ్గదు గాని, దానిని చూచు మన చూపు మారును. ఆ గ్రామములనుండి వచ్చిన బాలబాలికలు మన పాఠశాలలలో చేరినప్పుడు వారిని క్రొత్తవారుగాగాక, మనకు నీరిచ్చినవారుగా ఆదరింపవలెను.

పోదలచిన విద్యార్థులకు కొన్ని సూచనలు. ఒక చిన్నపుస్తకమును వెంట తీసికొని, దారిలో రాతిరంగు ఎచ్చటెచ్చట మారినదో వ్రాసికొనుడు. బండలపై అలలవంటి గీతలు కనబడునేమో వెదకుడు. కనబడినచో అవి ఆ పూర్వసముద్రపు ఇసుకపై నీరు వ్రాసిన వ్రాతలు. జలాశయపు ఒడ్డున రాళ్ళపై తెల్లని చార యున్నచో అది నీరు పూర్వము చేరిన మట్టమునకు గుర్తు; ఇప్పటి నీటికిని దానికిని ఎన్ని అడుగుల భేదమున్నదో అంచనా వేయుడు. కోట గోడలపై పేర్లు చెక్కకుడు. అవి మనకంటె ముందువారివి, మన తరువాతివారివి. తినిన పదార్థముల కాగితములను, సీసాలను తిరిగి తీసికొనిరండు. తలిదండ్రులును వెంట వచ్చిన యెడల మరియు మంచిది. తాళ్ళప్రొద్దుటూరు వీథులను, ఎండిన పెన్నలో ఊటబావి త్రవ్వి నీరు తోడుకొన్న దినములను ఎరిగిన పెద్దలు ఇంకను మన నడుమ నున్నారు. కొండమీద వారి ప్రక్కన కూర్చుండి ఏ యూరు ఏ నీటిక్రింద నున్నదో వారిచేత చూపించుకొని వ్రాసియుంచుడు. ఆ వ్రాత మరియొక యేబది సంవత్సరములకు ఏ పుస్తకమునను దొరకనిది యగును.